ఏనుగు మందు, ఎలుకల మందు

అనగా అనగా, మీ తాతగారి తాతగారు ఉయ్యాల్లో పడుకుని కాలి బొటనవేలు చప్పరించే రోజుల్లో, నల్లేటికోట అని ఒక రాజ్యం ఉండేది. రాజ్యమంటే మరీ పెద్దదేమీ కాదు. తూర్పు గుమ్మంలో ఎవరైనా తుమ్మితే పడమటి గుమ్మంలో వాళ్లు "చిరంజీవ" అనేవారు. ఆ రాజ్యాన్ని మణిధ్వజ మహారాజు ఏలుతుండేవాడు. మంచివాడే. కాకపోతే ఆయనకు కోపం ముందు వచ్చేది, ఆలోచన తీరిగ్గా వెనక వచ్చేది.

ఆ కోటలో ఒక సామాన్ల కొట్టు ఉండేది. గునపాలు, గంపలు, కొడవళ్లు, మోకులు, తాళంచెవులు, మందుల జాడీలు, ఒకటేమిటి, కోటకు కావలసినవన్నీ అక్కడే. ఆ కొట్టును చూసుకునే మనిషి పేరు మాచమ్మ. నలభై ఏళ్లుగా కొట్టు ఆమె చేతిలోనే ఉంది. కళ్లకు గంతలు కట్టినా సరే, ఏ వస్తువు ఏ అరలో ఉందో చెప్పగలదు. మోకాళ్ల నొప్పులు, నోరు కాస్త గట్టిది, మనసు మెత్తనిది.

ఒకనాడు దూరదేశం నుంచి ఒక శిల్పి వచ్చి రాజుగారికి ఇత్తడి బొమ్మనొకదాన్ని కానుకగా ఇచ్చాడు. మనిషంత బొమ్మ. వీపున ఉన్న మర తిప్పితే లేచి నడిచేది, మాట్లాడేది, పదిమంది పని ఒక్కటే చేసేది. ఇప్పుడు చెప్పిన పని చేసిపెట్టే తెలివైన యంత్రాలు వచ్చాయి చూడండి, వాటికి ముత్తాత అనుకోండి. కోటలో అందరూ దాన్ని ఇత్తడి బంటు అని పిలిచేవారు.

శిల్పి వెళుతూ వెళుతూ మూడు సంగతులు చెప్పాడు.

"ప్రభూ, ఇది అక్షరాలు చదవగలదు గానీ వస్తువులను ఆనవాలు పట్టలేదు. గునపాన్ని చూసి గునపమని తెలుసుకోలేదు. కనుక ప్రతి వస్తువుకూ ఒక తాటాకు చీటీ కట్టించండి. చీటీలో ఏముంటే అదే దీనికి వేదం. రెండోది, రోజూ పొద్దున్నే మర తిప్పాలి. తిప్పగానే నిన్నటిదంతా మరిచిపోతుంది. మూడోది, దీనికి బద్ధకమూ లేదు, కపటమూ లేదు. ఎప్పుడైనా తప్పు చేస్తే, ముందు చీటీలో తప్పు వెతకండి."

మొదటి రెండు మాటలూ అందరూ విన్నారు. మూడోది చెప్పే వేళకు భోజనాల గంట మోగింది.

బొమ్మకు మర తిప్పే పని మాచమ్మకు అప్పగించారు. ప్రతి ఉదయం ఆమె మర తిప్పగానే అది కళ్లు తెరిచి చేతులు జోడించేది.

"అమ్మా, మీరెవరు?"

"మాచమ్మను నాయనా."

"మంచిది మాచమ్మగారూ. నేనేం చేయాలి?"

రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. మొదట్లో ఆమె విసుక్కుంది. "నిన్ననే కదయ్యా చెప్పాను!" అని కసురుకుంది. నెల తిరిగేసరికి ఆ పిలుపు కోసమే పెందలాడే లేవసాగింది. ఆమెకు పిల్లలు లేరు. పొద్దున్నే చేతులు జోడించి పలకరించేవారు వేరే లేరు. ఎందుకు దాచాలి, ఆ బొమ్మంటే ఆమెకు ప్రాణం.

ఇక చీటీలు రాయాలి. కొట్టు సంగతి తెలిసింది మాచమ్మకే. అయినా రాజుగారి కొట్టుకు చీటీలు రాసే గౌరవం ఒక కొట్టు మనిషికి ఎవరిస్తారు? ఆస్థాన కవి గంభీరభట్టుగారు ముందుకు వచ్చారు. గంటం పట్టి, కళ్లు మూసుకుని, ఒక్కో వస్తువునూ వర్ణించారు. కొడవలికి "చంద్రవంకకు తోబుట్టువు, వంపుల వయ్యారి, తళతళల తల్లి" అని రాశారు. నగల పెట్టెకు "ఇంతుల కన్నుల పండుగ" అని రాశారు. సభలో అందరూ తలలూపారు.

మర్నాడు మహారాణిగారు అద్దం ముందు కూర్చుని, "బంటూ, నా చంద్రవంక తెచ్చి తలలో పెట్టు" అన్నారు. చంద్రవంక అంటే తల్లో పెట్టుకునే బంగారు నగ. బంటు కొట్టంతా వెతికింది. చంద్రవంక అన్న మాట ఒక్క చీటీలోనే ఉంది. గడ్డి కోసే కొడవలి పట్టుకుని, ఎంతో భక్తిగా, రాణిగారి జడ వైపు వంగింది. ఆవిడ పెట్టిన కేకకు పావురాలన్నీ ఎగిరిపోయాయి. ముగ్గురు చెలికత్తెలు మంచం కింద దూరారు.

"కొడవలిని కొడవలి అంటే ఇంక కవిత్వం ఎందుకు?" అన్నారు కవిగారు చిన్నబుచ్చుకుని.

"కొడవలికి కవిత్వం ఎందుకు బాబయ్యా?" అంది మాచమ్మ.

ఆ మాట ఎవరికీ నచ్చలేదు. కోశాధికారి బావమరిది పాపరాజును పిలిచారు. పాపరాజు మహా పొదుపరి. పలకరిస్తే పెదవి నొస్తుందేమోనని తల మాత్రం ఊపే మనిషి. "తాటాకులు ఊరికే వస్తున్నాయా?" అని ఒక్కో వస్తువుకు ఒక్కో మాట రాశాడు. తాళంచెవికి "తీయునది" అని రాశాడు. గునపానికీ "తీయునది" అనే రాశాడు. ఒకటి తాళం తీస్తుంది, రెండోది గుంత తీస్తుంది. అబద్ధమేమీ లేదు కదా!

రెండు రోజులు గడిచాయి. రాజుగారు స్నానాల గదిలో ఉండగా ఎవరో పరాకున బయట తాళం వేసుకుపోయారు. ఆయన లోపలి నుంచి తలుపు బాదుతూ "బంటూ, తలుపు తీయి!" అని అరిచారు. బంటు కొట్టులోకి వెళ్లింది. "తీయునది" అన్న మొదటి చీటీ కనబడగానే దాన్ని పట్టుకొచ్చింది. అది గునపం. రెండు పోట్లు పొడిచి, తలుపును చట్టంతో సహా ఊడబెరికి చంకన పెట్టుకుంది. లోపల రాజుగారు చిన్న తువ్వాలుతో, తల మీద కుంకుడు నురగతో నిలబడి ఉన్నారు. బయట నలభై మంది నిలబడి ఉన్నారు.

"తలుపు తీశాను ప్రభూ. ఎక్కడ పెట్టమంటారు?" అంది బంటు వినయంగా.

ఆ నలభై మందీ నవ్వు ఆపుకోవడానికి పడిన బాధ పగవాడికి కూడా వద్దు. రాజుగారు మాత్రం వారం రోజులు ఎవరి ముఖమూ చూడలేదు.

మూడోసారి మహాపండితుడు పేరిశాస్త్రిగారు వచ్చారు. ఆయన అసలే ఏ సంగతినీ సగంలో వదలరు. "క్లుప్తంగా రాస్తే ఇలాగే ఉంటుంది. సమగ్రంగా ఉండాలి" అని చెప్పి, నీళ్ల బాల్చీ ఒక్కదానికే నూట ఇరవై ఆకులు రాశారు. నీరు ఎలా పుట్టింది, చెక్కలు ఎన్ని రకాలు, బాల్చీకి పిడి ఎందుకుండాలి, ఉండకపోతే ఏమనాలి, ఇలా సాగింది. నీళ్లు మోయడానికి పనికివస్తుందన్న మాట నూట పదిహేడో ఆకులో ఉంది.

ఆ వారమే ఏనుగుల గడ్డివామికి నిప్పంటుకుంది. "బంటూ, నిప్పార్పు!" అన్నారు. బంటు బాల్చీ దగ్గర నిలబడి మొదటి ఆకు నుంచి శ్రద్ధగా చదవసాగింది. పొద్దు నడినెత్తికి వచ్చింది, పక్కకు కూడా వాలింది. అది బాల్చీతో బయటకు వచ్చేసరికి వామి లేదు, బూడిద ఉంది. బంటు ఆ బూడిద మీద పద్ధతిగా నీళ్లు పోసి, "ఆర్పాను ప్రభూ" అంది.

రాజుగారి ముఖం కందగడ్డ అయింది.

"చాలు! ఈ ఇత్తడి ముద్దను కొలిమిలో వేసి కరిగించండి. ఏనుగులకు గంటలైనా చేయిద్దాం!"

"బొమ్మకు బుద్ధి లేదు ప్రభూ" అన్నారు కవిగారు. "బొత్తిగా" అన్నాడు పాపరాజు. పేరిశాస్త్రిగారు కూడా ఏదో మొదలుపెట్టారు గానీ అది ముగిసేదాకా ఎవరూ ఆగలేదు.

ఈ మాట కొట్టులో ఉన్న మాచమ్మ చెవిన పడింది. ఆమె చేతిలో పని వదిలేసింది. మోకాళ్లు పట్టుకుని, మెట్టు మెట్టుకూ కూర్చుని లేస్తూ, సభకు వెళ్లింది.

"ప్రభూ, బొమ్మ తప్పేముంది? రాసింది చదివింది, చదివింది చేసింది. మూడు రోజులు గడువివ్వండి. ఈసారి చీటీలు నేను రాస్తాను."

రాజుగారు నొసలు ముడిచారు. "నీకు వ్యాకరణం వచ్చా?"

"రాదు ప్రభూ. సామాను వచ్చు."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజుగారు నవ్వలేదు. "సరే. నాలుగో రోజు ఉదయం నేనే దానికొక పని చెబుతాను. తప్పిందా?"

"తప్పితే బొమ్మను కొలిమిలో వేయించండి. నా తాళంచెవుల గుత్తి కూడా తీసేసుకోండి. నేను ఊరు విడిచి పోతాను."

అలా అనేసి వచ్చింది గానీ, కొట్టులోకి రాగానే తాళంచెవుల గుత్తిని ఒకసారి తడిమి చూసుకుంది. బొమ్మ మాత్రం ఏమీ ఎరగనట్టు, "నేనేం చేయాలి మాచమ్మగారూ?" అంది.

"నువ్వేం చేయకు నాయనా. చేయాల్సింది నేనే" అంటూ గంటం అందుకుంది.

మొదటిరోజు చకచకా అరవై చీటీలు రాసింది. "ఇదీ ఒక విద్యేనా, తెలిసింది రాయడమే కదా!" అనుకుంది. నిజానికి బాగానే రాసింది. గునపానికి "నేలలో గుంత తవ్వడానికి. తలుపు జోలికి దీనితో పోవద్దు" అని రాసింది. తాళంచెవికి "తాళం తెరవడానికి. తలుపు ఊడదు, తెరుచుకుంటుంది" అని రాసింది. మందుల అర దగ్గరికి వచ్చేసరికి సాయంత్రమైంది, నడుము పట్టేసింది. ఒక జాడీకి "ఎలుకల మందు" అని, పక్క జాడీకి "ఏనుగు మందు" అని రాసి కట్టేసింది. అంతకన్నా ఏం కావాలి? నల్లేటికోటలో పసిపిల్లకైనా తెలిసిందేగా.

రెండోరోజు ఉదయం మర తిప్పి, పలకరింపులయ్యాక, బొమ్మను మందుల అర దగ్గరికి తీసుకువెళ్లింది.

"చదివి, ఏం తెలిసిందో చెప్పు నాయనా."

బంటు రెండు చీటీలూ చదివింది.

"అమ్మా, ఎలుకల మందు తింటే ఎలుకలు ఏమవుతాయి?"

"ఇంకేమవుతాయి, చస్తాయి."

"అలాగైతే ఏనుగు మందు తింటే ఏనుగు చస్తుంది. మహారాజుగారికి ఏనుగు మీద అంత కోపమెందుకు?"

మాచమ్మకు పొట్ట చెక్కలయ్యేంత నవ్వొచ్చింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. తుడుచుకుంటుండగానే ఆ నవ్వు ఆగిపోయింది. బోర్లించిన గంప మీద అలాగే కూర్చుండిపోయింది.

ఎలుకల మందు ఎలుకలను చంపుతుంది. ఏనుగు మందు ఏనుగును బతికిస్తుంది. దగ్గు మందు దగ్గును పోగొడుతుంది, పిల్లల మందు పిల్లలను పోగొట్టదు. ఆ తేడా చీటీలో ఎక్కడుంది? ఎక్కడా లేదు. ఆమె తలలో ఉంది. నలభై ఏళ్లుగా తలలోనే ఉండి ఉండి, అది అందరికీ కనబడుతున్నదే అనుకుంది.

"కవిగారిని ఆడిపోసుకున్నాను. పాపరాజును వెక్కిరించాను. ఆ శాస్త్రిగారిని చూసి నవ్వాను. చివరికి నేను చేసిందీ అదే" అని సిగ్గుపడింది. ఆ ముగ్గురూ తమ కోసం రాసుకున్నారు. తనూ తనలాంటి మనిషి కోసమే రాసింది. ఏమీ తెలియని ఈ ఇత్తడివాడి కోసం ఎవరూ రాయలేదు.

ఆమె లేచి కొంగు బిగించింది. మొదటి నుంచీ మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఒక్కో చీటీ రాసి, బొమ్మ చేత చదివించి, "ఏం తెలిసింది?" అని అడిగేది. అది పొరబాటుగా చెబితే బొమ్మను తిట్టలేదు. ఆకు తీసి అవతల పారేసి కొత్త ఆకు అందుకునేది. మూడోరోజు పొద్దున్న మర తిప్పగానే బొమ్మ యథాప్రకారం అంతా మరిచిపోయింది. ఇదివరకైతే మాచమ్మ నిట్టూర్చేది. ఇప్పుడు సంబరపడింది. "మేలు చేశావు నాయనా, నా చీటీలను కొత్త కళ్లతో చదివేవాడు దొరికాడు" అని ఒక్కటీ వదలకుండా మళ్లీ చదివించింది. సాయంకాలానికి ఆమె వేళ్లు వాచాయి. అయినా చీటీలన్నీ వస్తువులకు చేరాయి.

నాలుగో రోజు తెల్లవారింది. కోట పెరట్లో కొలిమి రాజేశారు. తిత్తులు బుస్సు బుస్సుమంటున్నాయి. రాజుగారు పీట వేయించుకుని కూర్చున్నారు. కవిగారూ, పాపరాజూ, పేరిశాస్త్రిగారూ వరసగా నిలబడ్డారు. మాచమ్మ బొమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది. ఆ చెయ్యి చల్లగా ఉంది, ఆమె చెయ్యి అంతకన్నా చల్లగా ఉంది.

రాజుగారు పని చెప్పబోతుండగా మావటి సిద్ధన్న ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చాడు.

"ప్రభూ! మేఘమాల పడిపోయింది! లేవడం లేదు!"

మేఘమాల పట్టపుటేనుగు. రాజుగారు చిన్నప్పుడు దాని కాళ్ల మధ్య దాగుడుమూతలాడారు. ఆ మాట వినగానే ఆయన పీట మీంచి ఎగిరి లేచారు. పరీక్ష లేదు, ఏమీ లేదు.

"బంటూ! పరుగెత్తు! ఏనుగు మందు తెచ్చి తాగించు!"

బంటు కొట్టులోకి పరుగెత్తింది. అది తిరిగొచ్చింది. వట్టి చేతులతో వచ్చింది.

"ప్రభూ, ఏనుగుకు కాలిపుండా, వేరే జబ్బా?"

"నన్నే అడుగుతావా? చెప్పింది చేయి!"

"చేస్తాను ప్రభూ. ఏ జబ్బో చెప్పండి."

"చూశారా ప్రభూ!" అన్నారు కవిగారు. "ఇదివరకు తప్పు పనైనా చేసేది. ఇప్పుడు అదీ మానేసింది."

"కొలిమిలో వేయండి!" అని అరిచారు రాజుగారు. ఇద్దరు భటులు బొమ్మ రెండు చేతులూ పట్టుకుని ఈడ్చారు. మాచమ్మ మోకాళ్ల నొప్పి ఎక్కడికి పోయిందో గానీ, ఒక్క అంగలో వెళ్లి కొలిమికి అడ్డంగా నిలబడింది.

"ప్రభూ, మమ్మల్నిద్దర్నీ తరవాత ఏమైనా చేయండి. ముందు అది అడిగినదానికి జవాబు చెప్పండి. ఏనుగుకు ఏమైంది?"

రాజుగారు నోరు తెరిచారు. ఏం చెప్పాలి? ఆయనకూ తెలియదు. తెరిచిన నోరు అలాగే ఉంచి మావటి వైపు తిరిగారు.

"కడుపుబ్బరం ప్రభూ" అన్నాడు సిద్ధన్న తల దించుకుని. "నిన్న కట్టు తెంపుకుని పనసతోటలో పడింది. పచ్చికాయలు తొక్కతో సహా మింగేసింది. పొట్ట నగారాలా బిగిసిపోయింది."

"అలాగైతే ఆ జాడీ కాదు" అంది బంటు. భటుల చేతుల్లోంచి మెల్లగా తన చేతులు విడిపించుకుని కొట్టులోకి వెళ్లింది. ఈసారి వాము, ఇంగువ, శొంఠి వేసి కాచిన కషాయం తెచ్చింది. మనిషికైతే గరిటెడు, ఆవుకైతే చెంబెడు, ఏనుగుకైతే నిండు బిందెడు అని దాని చీటీలో ఉంది. బంటు నిండు బిందెడు కొలిచి, సిద్ధన్న తొండం ఎత్తి పట్టగా, చుక్క ఒలకకుండా పోసింది.

అందరూ ఏనుగు చుట్టూ చేరి చూస్తున్నారు. గడియ గడిచింది. ఏమీ కాలేదు. మాచమ్మ కనబడిన దేవుళ్లకూ కనబడని దేవుళ్లకూ మొక్కింది. అప్పుడు, కోట గోడలు అదిరేలా, ఒక పెద్ద శబ్దం వినవచ్చింది. ఏం శబ్దమో నేను చెప్పను, పిల్లలు నవ్వుతారు. మేఘమాల తేలిగ్గా ఊపిరి పీల్చి, ముందుకాళ్లు ఊని లేచి నిలబడింది. గాలికి ఎదురుగా నిలబడ్డ పేరిశాస్త్రిగారు మొదటిసారిగా ఏమీ మాట్లాడకుండా పక్కకు వెళ్లిపోయారు.

రాజుగారు ఏనుగు తొండాన్ని కావలించుకుని ఏడ్చినంత పని చేశారు. తేరుకున్నాక మెల్లగా అడిగారు.

"మాచమ్మా, నేను చెప్పిన జాడీ తెచ్చి తాగించి ఉంటే ఏమయ్యేది?"

"చీటీ చదువు నాయనా" అంది మాచమ్మ. బంటు ఆ జాడీ తెచ్చి, పైకి చదివింది.

"ఏనుగు కాలిపుండు మానడానికి. పుండు మీద పూయాలి. ఇందులో మైలుతుత్తం ఉంది, నోట్లోకి పోతే ప్రాణం పోతుంది. పుండు కాక వేరే జబ్బయితే దీన్ని ముట్టుకోవద్దు. ఏ జబ్బో తెలియకపోతే, తెలిసేదాకా అడుగు. ఎవరు కసిరినా అడుగు."

రాజుగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నా నోటి మాటే నా మేఘమాలను చంపి ఉండేది" అన్నారు. "ఇన్నాళ్లూ తప్పంతా బొమ్మ మీద వేశాం. ఆర్పండి ఆ కొలిమి!"

మాచమ్మ బొమ్మను పట్టుకుని పసిపిల్లలా ఏడ్చింది. "మీరెందుకు ఏడుస్తున్నారు మాచమ్మగారూ? చీటీలో ఏమైనా తప్పుందా?" అని అడిగింది బంటు. "లేదు నాయనా, లేదు" అంటూ ఇంకా ఏడ్చింది.

ఆనాటి నుంచి నల్లేటికోటలో చీటీల పెత్తనమంతా మాచమ్మదే అయింది. కవిగారూ, పాపరాజూ, శాస్త్రిగారూ ఆమె దగ్గర కూర్చుని రాయడం నేర్చుకున్నారు. కవిగారికి ఉపమానం లేకుండా వాక్యం ముగించేసరికి చెమటలు పట్టేవి. పాపరాజు రెండో ఆకు అడిగినరోజు కొట్టులో పాయసం వండుకున్నారు.

రాజుగారు కూడా ఒక నియమం పెట్టుకున్నారు. ఏ ఆజ్ఞ రాసినా, దండోరా వేయించే ముందు, ఆ సంగతి ఏమీ తెలియని మనిషినొకణ్ణి పిలిచి వినిపించేవారు. మొదటిరోజు దారిన పోతున్న ఒక కుమ్మరిని పిలిపించి, గొంతు సవరించుకుని, ఎంతో ఠీవిగా చదివారు.

"రేపు ఉదయం ప్రజలందరూ తప్పక రావలెను!"

కుమ్మరి తల గోక్కున్నాడు. "ఎక్కడికి దొరా?"

రాజుగారు చేతిలోని ఆకు వైపు చూసుకున్నారు. ఒకసారి కాదు, రెండుసార్లు చూసుకున్నారు. తరవాత పకపకా నవ్వి, కొత్త ఆకు అందుకున్నారు.

పిల్లలూ, చెప్పేవాడి తలలో ఉన్నది వినేవాడికి కనబడదు. అందుకే, ఏమీ తెలియనివాడికి కూడా తెలిసేలా చెప్పగలిగినవాడే నిజంగా తెలిసినవాడు.